మళ్ళీ బస్సెక్కనివాళ్ళు

ఊళ్ళో అన్ని బస్సులకూ నంబర్లుంటే, ఆ ఒక్క బస్సుకు మాత్రం జనం పెట్టిన పేరుండేది: సీసాల బస్సు. పొద్దున వెళ్ళేటప్పుడు ప్రయాణికుల ఒళ్ళో ఖాళీ సీసాలు, మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు అవే సీసాల నిండా పచ్చటి పసరు. ఆఖరి స్టాపులో దిగి సందు మలుపు తిరిగితే పసరు మాస్టారి ఇల్లు. ఆయన ఒకప్పుడు బళ్ళో డ్రాయింగు నేర్పేవాడు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఏవో ఆకులు నూరి, క్యాన్సరు గడ్డలు కరిగించడం మొదలుపెట్టాడు. కరిగాయా లేదా అన్నది తర్వాత సంగతి, మొదలుపెట్టడం మాత్రం ఘనంగానే మొదలుపెట్టాడు.

ఆ బస్సు కండక్టరుకు ఒక గొప్ప ఉండేది. ఒకసారి చూసిన మొహాన్ని మర్చిపోడు. ఎవరు ఎక్కడ ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో, టికెట్ అడిగే సమయానికి ఎవరికి కిటికీ బయటి ప్రకృతి మీద ప్రేమ ముంచుకొస్తుందో అన్నీ అతనికి కంఠతా వచ్చు. సీసాలవాళ్ళయితే ఇక చుట్టాల కిందే లెక్క. ఎవరికి గొంతులో గడ్డ, ఎవరికి కడుపులో, ఎవరికి రొమ్ములో, అడిగితే చెప్పేవాడు, అడక్కపోయినా చెప్పేవాడు. జాలిగుండె మనిషి. కొత్తగా వచ్చినవాళ్ళు బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడి ధైర్యం నూరిపోసేవాడు.

"భయపడకండి. నేను కళ్ళారా చూస్తున్నాను కదా! నాలుగైదు నెలలు వస్తారు, తర్వాత ఇక రారు. నయమైపోయినవాళ్ళకి మళ్ళీ ఈ బస్సుతో పనేముంది చెప్పండి?"

అతను అబద్ధం చెప్పలేదు. చూసింది అదే. చాలామంది కొన్ని నెలలు వచ్చి, తర్వాత మానేసేవాళ్ళు. బస్సు దిగిన మనిషి క్షేమంగా ఇల్లు చేరినట్టే అన్నది కండక్టర్లకు ఉద్యోగంతో పాటు వచ్చే నమ్మకం. టికెట్ కొట్టి, దిగాల్సిన చోట దించితే వాళ్ళ పని అయిపోతుంది. దిగినవాడు ఏమయ్యాడా అని ఆలోచిస్తూ కూర్చుంటే బస్సు కదలదు. ఇతను రోగుల్ని కూడా ఆ కళ్ళతోనే చూశాడు. అంతకంటే పెద్ద పాపం ఏమీ చేయలేదు. కానీ ప్రాణాల దగ్గర ఆ మాత్రం చాలు.

అలా నయమైపోయినవాళ్ళలో అతనికి బాగా గుర్తున్నది ఇద్దరు. ఒకాయన వడ్రంగి. దవడ కింద గడ్డ పెట్టుకుని కూడా బస్సు సీట్లు ఎక్కడెక్కడ ఊగుతున్నాయో చెప్పి వంక పెట్టకుండా ఉండేవాడు కాదు. రెండోది పాటల టీచరమ్మ. బస్సు కుదుపులకు తాళం వేస్తూ లోలోపల ఏదో పాడుకునేది. ఇద్దరూ రావడం మానేశారు. ఆ ఇద్దరి కథా అతను ఎంతమందికి చెప్పాడో అతనికే తెలియదు.

ఇతనికి ఒక అక్క ఉంది. చిన్నప్పుడే తల్లి పోతే ఇతన్ని చంకనేసుకుని పెంచింది అక్కే. బట్టలుతికే దుకాణంలో ఇస్త్రీ పని చేస్తుంది. రోజంతా వేడి పెట్టె ముందు నిలబడి, సాయంత్రానికి మనిషి ఎండిపోయినా, మాట మాత్రం పచ్చిగానే ఉంటుంది. ఒకరోజు స్నానం చేస్తుంటే రొమ్ములో ఏదో చేతికి తగిలింది. ఆసుపత్రికి వెళితే సూది పెట్టి పరీక్ష చేశారు. డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉన్నా, మాట తిరుగులేకుండా చెప్పింది. "క్యాన్సరేనమ్మా. కానీ చిన్నదిగా ఉండగానే దొరికింది. ఇప్పుడే ఆపరేషన్ చేయించుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఆలస్యం మాత్రం చేయొద్దు."

అక్క ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఎప్పుడూ ఎవరినో ఒకరిని దెప్పుతూ ఉండే మనిషి నోట మాట లేదు. తమ్ముడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"కోస్తారట్రా," అంది చివరికి.

"కోయడం ఎందుకక్కా? నేనున్నాను కదా. రోజూ నా బస్సులో ఎంతమంది వెళ్తున్నారనుకున్నావ్? అంతా నీలాంటివాళ్ళే. పాటల టీచరమ్మని ఒకావిడ, సరిగ్గా నీకున్నటువంటి గడ్డే. నాలుగు నెలలు పసరు తాగింది, ఇప్పుడు కనబడనే కనబడదు."

పక్క గదిలో బావ మారుతాళంచెవి ఒకటి ఆకురాయితో అరగదీస్తున్నాడు. బజారు మూల తాళాలు బాగుచేసే కొట్టు ఆయనది. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో సగం 'ఊ'లే. అలాంటి మనిషి పని ఆపి గుమ్మంలోకి వచ్చాడు.

"తాళం పట్టేస్తే తాళం బాగుచేయించుకోవాలి గాని, తలుపుకి పసరు పూస్తారటోయ్?"

"నీకు తాళాల సంగతి తెలుసు బావా. మనుషుల సంగతి నాకు తెలుసు. నువ్వు వాళ్ళని చూశావా? నేను రోజూ చూస్తున్నాను."

బావ చూడలేదు మరి. అక్క ఇద్దరి మొహాల్లోకీ చూసి తేల్చేసింది. "డాక్టరమ్మని రెండుసార్లు చూశాను. వీణ్ణి పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను. వీడి మాటే వింటాను." బావ 'ఊ' అన్నాడు. ఆ 'ఊ'లో ఎంత బరువుందో ఆ పూట ఎవరికీ పట్టలేదు.

ఆపరేషన్ మానేశారు. అక్క సీసా పట్టుకుని తమ్ముడి బస్సెక్కింది. కండక్టరు అక్కగారని సీసాలవాళ్ళంతా జరిగి కిటికీ పక్క చోటిచ్చారు. పసరు మాస్టారు మర్యాదస్థుడు. గడ్డను చేత్తో కూడా ముట్టుకోకుండా కళ్ళు మూసుకుని నాడి చూసి, కత్తి తగిలిందంటే గడ్డ చెదిరి ఒళ్ళంతా పాకుతుందని, ఇక ఆసుపత్రి గడప తొక్కొద్దని చెప్పాడు. గట్టి తిండి మానేసి పసరూ, పళ్ళరసమూ తాగమన్నాడు. మొదటి నెలంతా అక్క హుషారుగానే ఉంది. కత్తి తప్పిందన్న సంబరం ఒక్కటే మనిషిని నాలుగు వారాలు నడిపిస్తుంది. జాకెట్లు వదులైతే "విషం కరిగిపోతోంది" అన్నాడు మాస్టారు. నీరసం వస్తే "మందు పని చేస్తోంది" అన్నాడు. ఆయన దగ్గర ఏ రోగలక్షణం చెప్పినా శుభవార్తగానే తిరిగొచ్చేది.

"గడ్డ మెత్తబడిందిరా," అంది అక్క ఒకరోజు టికెట్ తీసుకుంటూ. తమ్ముడి మొహం వెలిగిపోయింది. వెనక సీటువాళ్ళకి కూడా వినబడేలా రెండుసార్లు చెప్పించుకున్నాడు.

నాలుగో నెలలో డిపోలో డ్యూటీలు మార్చారు. అతన్ని పెద్దాసుపత్రి రూటులో వేశారు. సీసాలవాళ్ళని వదిలి వెళ్ళనని గొణిగాడు, బతిమాలాడు. డిపో మేనేజరు వింటే కదా. కొత్త రూటులో మొదటి వారంలోనే, మార్కెట్టు స్టాపులో, ఒకమ్మాయి ఒకామెను రెండు చేతులా పట్టుకుని బస్సెక్కించబోయింది. ఆమె తలకు రుమాలు కట్టుకుంది. ఒక చెయ్యి వాచి దుంగలా ఉంది. మెట్టు మీద కాలు పెట్టింది గాని ఒళ్ళు పైకి లేవలేదు. ఇతను కిందికి దిగి, నడుము పట్టుకుని, మెల్లిగా ఎక్కించి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో తట్టలేదు.

"గుర్తుపట్టలేదా కండక్టరుగారూ?"

గొంతు విన్నాక గుర్తొచ్చింది. పాటల టీచరమ్మ. మొహం మర్చిపోనని విర్రవీగిన మనిషి చేతిలో టికెట్ల మిషను పట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డాడు.

"మీకు... నయమైపోయిందనుకున్నానండీ. రావడం మానేశారు కదా?"

"మెట్టెక్కలేక మానేశాను బాబూ," అందామె.

పక్కనున్న అమ్మాయి తల తిప్పుకుంది. కూతురే అయి ఉండాలి.

"వడ్రంగి గారు ఉండేవారు కదండీ, దవడ కింద..."

"ఆయన పోయారుగా. ఆఖర్న పెద్దాసుపత్రిలోనే నా పక్క వార్డులో ఉండేవారు. ఆ సీసాలవాళ్ళని చాలామందినే చూశాను అక్కడ. అందరం చివరికొచ్చాక వచ్చినవాళ్ళమే. ఇప్పుడిక నొప్పి తగ్గడానికి మందిస్తున్నారు, అంతే." ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "మీరు చెప్తుండేవారు కదా, రానివాళ్ళంతా నయమైనవాళ్ళేనని. నాకు అనుమానం వచ్చినప్పుడల్లా ఆ మాట గుర్తు చేసుకుని ఇంకో సీసా తాగేదాన్ని."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేదేమో. తిట్టినవాళ్ళకు క్షమించమని చెప్పుకోవచ్చు. తిట్టనివాళ్ళకు ఏం చెప్పుకోవాలి? దిగాల్సినవాళ్ళు వెనక నుంచి అరుస్తున్నా అతనికి వినబడలేదు. స్టాపు దాటిపోయింది. డ్రైవరు బ్రేకు వేసి వెనక్కి తిరిగి, "ఏమైందన్నా, నిద్రపోయావా?" అన్నాడు. అవును, నిద్రే. ఇన్నాళ్ళూ అందరికీ జోలపాడుతూ తనూ పడుకున్నాడు.

సెలవు దొరికిన రోజున మాస్టారి ఇంటికి వెళ్ళాడు. వరండాలో ఆకులు కుప్పలుగా ఆరబోసి ఉన్నాయి. మాస్టారు రోట్లో నూరుతున్నవాడు లేచి కుర్చీ వేశాడు.

"మాస్టారూ, ఆ వడ్రంగి ఏమయ్యాడండీ?"

"నయమైపోయిందిగా! ఎప్పుడో మానేశాడు రావడం."

"నయమైందని ఎవరు చెప్పారు?"

మాస్టారు ఆశ్చర్యంగా చూశాడు. "అదేమిటయ్యా, మీరే కదా! మావాళ్ళంతా బస్సు దిగి వచ్చి అదే చెప్తారు. రానివాళ్ళందరికీ నయమైపోయిందట, కండక్టరుగారు కళ్ళారా చూశారట అని. మీలాంటి పెద్దమనుషుల మాట కంటే నాకింకేం కావాలి?"

మాస్టారు ఇంత ధీమాగా ఉన్నాడంటే ఆయనకేదో తెలిసే ఉంటుందని ఇతను నమ్మాడు. కండక్టరు ఇంత గట్టిగా చెప్తున్నాడంటే చూసే ఉంటాడని ఆయన నమ్మాడు. గుడ్డివాడి చెయ్యి గుడ్డివాడు పట్టుకుని దారి దొరికిందని ఇద్దరూ సంతోషపడ్డారు. వెనక వరసకట్టి నడిచినవాళ్ళు గోతిలో పడ్డారు. ఆ ఇద్దరిలో ఒక్కరైనా ఒక్కసారి ఒక్క రోగి ఇంటి తలుపు తట్టి చూడలేదు.

"పోయాడు మాస్టారూ. టీచరమ్మ కూడా చివరి రోజుల్లో ఉంది."

మాస్టారి మొహంలో ఏదో కదిలింది. ఆ క్షణంలో ఒక్క ముక్క నిజం ఒప్పుకుని ఉంటే ఈ కథకుడికి కూడా ఆయన మీద కోపం ఉండేది కాదు. "పథ్యం సరిగ్గా చేసి ఉండరు," అన్నాడు చివరికి, రోటి ముందు మళ్ళీ కూర్చుంటూ.

అక్కడి నుంచి తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సిగ్గుపడుతూ కూర్చోవడానికి వ్యవధి లేదు. అక్క ముందు నవ్వింది, తర్వాత కసిరింది.

"గడ్డ మెత్తబడిందని చెప్తున్నానా లేదా?"

"నీ చేతికి మెత్తబడి ఉంటుందక్కా. డాక్టరు చేతికి చూపిద్దాం."

"నువ్వు చెప్పావనే కదరా తాగాను! ఇప్పుడు నువ్వే కాదంటే నేనెవర్ని నమ్మాలి?"

"నన్ను నమ్మొద్దు," అన్నాడు తమ్ముడు. అంటూనే ఏడ్చేశాడు. "ఇందులో మాత్రం నన్ను నమ్మొద్దక్కా. నాకేం తెలియదు. ఎక్కినవాళ్ళని చూశాను, దిగినవాళ్ళని చూశాను. అంతకు మించి ఏమీ చూడలేదు."

బావ గుమ్మంలోనే ఉన్నాడు. నేను ముందే చెప్పలేదా అని దులపడానికి అంతకంటే మంచి సందు ఏ బావకూ దొరకదు. ఆయన మాత్రం వచ్చి బావమరిది పక్కన కూర్చుని, "రేపు కొట్టు తెరవను," అన్నాడు. అక్క ఇద్దర్నీ చూసింది గాని సరేననలేదు. భయం అంత తొందరగా దారివ్వదు.

"ఒక్కసారి నా బస్సెక్కు," అన్నాడు తమ్ముడు. "నయమైందని నేను చెప్పానే, రేపు ఆవిడ ఆసుపత్రికి వెళ్ళే రోజు, ఆవిడని చూడు. చూశాక నీ ఇష్టం. నేనింకో మాటనను."

మర్నాడు అక్క బస్సెక్కింది. టీచరమ్మ పక్కన చోటు చూపించి తమ్ముడు వెనక్కి వెళ్ళిపోయాడు. బావ తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళిద్దరూ కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తర్వాత టీచరమ్మ బాగున్న చేత్తో అక్క చెయ్యి పట్టుకుని, "ఎంతుంది?" అని అడిగింది. అక్క బొటనవేలి కొస చూపించింది.

"నాకూ అంతే ఉండేదమ్మా," అంది టీచరమ్మ.

ఆ పైన హితబోధ ఏమీ చేయలేదు. ఆసుపత్రి దగ్గర బస్సాగితే ముందుగా లేచి దిగింది అక్కే. దిగి, వెనక్కి తిరిగి, టీచరమ్మకు చెయ్యందించింది.

డాక్టరమ్మ అక్కను గుర్తుపట్టింది. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని అడిగింది. అక్క తడుముకోకుండా, "భయమేసిందండీ. నా బుద్ధి గడ్డి తిని మానేశాను," అంది. తమ్ముణ్ణి ఎవరూ ఏమీ అనకూడదు, చిన్నప్పట్నుంచీ ఆమెకు అదే పట్టుదల. "కాదండీ, నేనే మాన్పించాను," అన్నాడు తమ్ముడు. డాక్టరమ్మ ఇద్దరి వంకా చూసి, ఎవరినీ ఏమీ అనకుండా పరీక్షలు రాసిచ్చింది.

ఫలితాలు వచ్చాక అతన్ని విడిగా పిలిచి చెప్పింది. జబ్బు చంక కిందికి పాకింది. ముందు మందెక్కించాలి, తర్వాత ఆపరేషన్ చేయాలి. చెయ్యి దాటిపోలేదు, కానీ అప్పుడు ఇచ్చినంత భరోసా ఇప్పుడు ఇవ్వలేనంది. అతను బయటికొచ్చాడు. బల్ల మీద కూర్చున్న అక్క తలెత్తి చూసింది. ఆ చూపు ముందు అతని నాలుక పాతదారే పట్టింది.

"ఏం లేదక్కా. కొన్నాళ్ళు మందులు వాడితే సరిపోతుందట."

మొన్నటి పశ్చాత్తాపమంతా ఆ ఒక్క చూపుకు అలా పలచబడింది. మంచి మనసున్నవాళ్ళతో ఇదే చిక్కు. ఎదుటివాళ్ళ కళ్ళల్లో భయం చూడలేక తియ్యటి మాట ఒకటి చేతిలో పెట్టేస్తారు. దాని ఖరీదు కట్టేది మాత్రం ఎదుటివాళ్ళే. బావకు నిజం చెప్పాడు. బావ 'ఊ' అని, రాత్రంతా తాళంచెవులు అరగదీశాడు.

మందెక్కించడం మొదలైంది. అక్క తమ్ముడి బస్సులోనే వెళ్ళొచ్చేది. జుట్టు రాలింది. నోట్లో పుళ్ళు పడ్డాయి. అయినా మాట పదును తగ్గలేదు, "దువ్వెన ఖర్చు తప్పింది" అని నవ్వేది. టీచరమ్మ ఉన్న రోజున ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. ఒకామె సన్నగా ఏదో పాడితే రెండో ఆమె అర్థమైనట్టు తలూపేది. ఆ తర్వాత మూడు వారాలు టీచరమ్మ సీటు ఖాళీగా ఉంది. కూతురు మాత్రం ఒకసారి ఆ స్టాపులో కండక్టరుకు కనబడి రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రోజు బస్సులో జనం పలచగా ఉన్నారు. అక్క ముందు సీట్లో ఒక్కతే కూర్చుని ఉంది. తమ్ముడు టికెట్ కొట్టడానికి వచ్చాడు.

"ఒరేయ్, టీచరమ్మ రావడంలేదేంరా ఈమధ్య?"

జవాబులకేం, కావలసినన్ని ఉన్నాయి. ఊరెళ్ళిందేమో. మందుల రోజులు మారాయేమో. కాస్త నయమైందేమో. అవన్నీ ఒకదాని వెనక ఒకటి నాలుక చివరిదాకా వచ్చాయి. అక్క రుమాలు కింద నుంచి, రెప్పవెంట్రుకలు రాలిపోయిన కళ్ళతో, జవాబు కోసం చూస్తోంది.

"పోయిందక్కా," అన్నాడు. "పోయినవారం."

అక్క పక్కన ఖాళీ సీటు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. బస్సు వంతెన దాటింది. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. అతను ఆమె ముందు నుంచి కదల్లేదు.

"సరే," అంది అక్క ఆఖరికి. కళ్ళు తుడుచుకుని, సీటు మీంచి చెయ్యి తీసి, "ఇలా వచ్చి కూర్చో," అంది. కండక్టరు డ్యూటీలో ఉండగా ప్రయాణికుల సీట్లో కూర్చోకూడదు. అతను కూర్చున్నాడు.

"ఇప్పుడు నా సంగతి చెప్పు. ఆ రోజు డాక్టరమ్మ నిన్ను విడిగా పిలిచి ఏం చెప్పిందో, ఉన్నదున్నట్టు చెప్పు."

అతను చెప్పాడు. చంక కిందికి పాకిందని, ఆపరేషన్ తప్పదని, నయమవుతుందని గట్టిగా ఎవరూ చెప్పలేరని, ఆశ మాత్రం ఉందని, నాలుగు నెలల కిందటైతే ఇంత ఉండేది కాదని. ఆ చివరి మాట సగంలో ఆపేశాడు. అక్క అతని చెయ్యి పట్టుకుంది, అతను పూర్తి చేశాడు.

ఆసుపత్రి స్టాపు వచ్చింది. అక్క లేచి, చీరకొంగు నడుముకు దోపుకుని, కమ్మీ పట్టుకుని తనంతట తనే దిగింది.